తలా తోకా లేని గుర్రం

జిమ్నాస్టిక్స్ అంటే మనలో చానామందికి దీపా కర్మాకర్ గుర్తొస్తుంది. 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో 15.066 తెచ్చుకుని, కాంస్యానికి 0.150 దూరంలో నాలుగో స్థానం దగ్గర ఆగిపోయింది. పేపరు చదివేవాళ్ళకు హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి కూడా తెలిసి ఉంటుంది. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో అదే వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. అంటే మనకు తెలిసిన జిమ్నాస్టిక్స్ అంతా ఆడపిల్లలది, అందులోనూ పరుగెత్తి ఎగిరి దూకేది ఒక్కటే. మగవాళ్ళకు ఆరు పరికరాలు ఉంటాయి. ఫ్లోర్, రింగులు, వాల్ట్, ప్యారలల్ బార్స్, హారిజాంటల్ బార్, ఆరోది పామెల్ హార్స్. ఆ ఆరోదాని గురించే ఈ వ్యాసం. తెలుగు డిపార్ట్‌మెంటు గోడ మీద ఇదెందుకని అడుగుతారేమో. మాట గురించీ ఇందులో కొంచెం ఉంది, ఓపిక పట్టండి.

ముందు వస్తువు ఎలా ఉంటుందో చెప్తాను. తోలు కప్పిన పొడుగాటి దిమ్మ. పొడవు 160 సెంటీమీటర్లు, వెడల్పు 35, నేల నుంచి ఎత్తు 115. నాలుగు కాళ్ళు లేవు, కింద స్టాండు ఉంటుంది. నడుం మీద కమానుల్లాగా రెండు పిడులు, ఒక్కోటి 12 సెంటీమీటర్ల ఎత్తు. రెంటికీ మధ్య దూరం 40 నుంచి 45 సెంటీమీటర్ల లోపల ఎవరికి తగ్గట్టు వాళ్ళు సరిచేసుకోవచ్చు. అంతే. స్ప్రింగు లేదు, ఊగే తాడు లేదు. హారిజాంటల్ బార్ అయితే కొంచెం వంగి మళ్ళీ మనిషిని పైకి విసురుతుంది, ఫ్లోర్ కింద స్ప్రింగులుంటాయి. ఈ గుర్రం మాత్రం ఎవరికీ ఏ సాయమూ చెయ్యదు.

పామెల్ అంటే జీనుకు ముందువైపు ఎత్తుగా ఉండే బుడిపె. ఆ మాట పాత ఫ్రెంచిలో నుంచి వచ్చింది, చిన్న పండు అనే అర్థం నుంచి. రోమన్ల కాలంలో కొత్తగా చేరిన సైనికులకు గుర్రం ఎక్కడం, దిగడం నేర్పడానికి కొయ్యగుర్రాలు పెట్టేవాళ్ళని వెజీషియస్ అనే ఆయన తన యుద్ధశాస్త్ర గ్రంథంలో రాశాడు. చలికాలం కప్పు కింద, ఎండాకాలం మైదానంలో, మొదట ఉత్త చేతులతో, తర్వాత ఆయుధాలతో. చానా కాలం తర్వాత 1811లో ఫ్రీడ్రిక్ లుడ్విగ్ యాన్ బెర్లిన్ దగ్గర హాసెన్‌హైడె అనే చోట ఆరుబయట వ్యాయామశాల తెరిచాడు. నెపోలియన్ చేతిలో ఓడిపోయిన ప్రష్యా కుర్రాళ్ళను గట్టిపరచాలన్నది ఆయన పట్టుదల. గుర్రం అక్కడికి వచ్చింది, తర్వాత 1896 ఏథెన్స్ మొదటి ఒలింపిక్స్‌కూ వచ్చింది. అప్పుడు గెలిచింది స్విట్జర్లాండుకు చెందిన లూయీ జుట్టర్. ఈ ప్రయాణంలో గుర్రం తల పోయింది, తోక పోయింది, మిగిలింది జీను బుడిపెలు రెండే. అయినా నియమాల భాషలో ఇప్పటికీ ఒక చివరను మెడ అనీ, రెండో చివరను పిరుదు అనీ అనే అలవాటు పూర్తిగా పోలేదు.

ఇప్పుడు మాట సంగతి. మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ కన్నడ. కన్నడలో గుర్రాన్ని కుదురె అంటారు. తమిళంలోనూ దగ్గర మాటే, కుదిరై. తెలుగులో కుదురు అంటే ఏంటో మీకు తెలుసు, కుండ ఒరగకుండా కింద పెట్టే చుట్ట. ఒక చోట నిలవని పిల్లను "కుదురు లేదే నీకు" అంటారు. ఈ రెండు మాటలకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు, మేడమ్ ఎర్ర ఇంకుతో కొట్టేస్తారు. కానీ పామెల్ హార్స్ చూసిన ప్రతిసారీ నాకు రెండూ కలిసే వినిపిస్తాయి. కుదురె మీద కుదురుగా ఉండటమే ఈ ఆట మొత్తం. మా అవ్వ మాత్రం నా ఫోన్లో చూసి, "గుర్రం ఎక్కి కూచోకుండా ఆ తిరుగుడేందే?" అనింది.

ఆ తిరుగుడే అసలు విషయం. దాన్ని సర్కిల్ అంటారు. ఆటగాడు చేతుల మీద నిలబడి, రెండు కాళ్ళూ ఒకటిగా చేర్చి, వేళ్ళు చాచి, గుర్రం చుట్టూ గుండ్రంగా తిప్పుతాడు. కాళ్ళు కుడివైపుకు వచ్చేసరికి కుడి చెయ్యి అడ్డం కదా, ఎత్తెయ్యాలి. అప్పుడు శరీరం బరువంతా ఎడమ చెయ్యి మీద. కాళ్ళు ముందుకు రాగానే కుడి చెయ్యి మళ్ళీ పిడిని పట్టుకోవాలి, వెంటనే ఎడమది లేవాలి, ఎందుకంటే కాళ్ళు అటు వచ్చేస్తున్నాయి. ఒక సర్కిల్‌కు దాదాపు ఒక సెకను. ఆ సెకనులో చేతులు ఒకదాని తర్వాత ఒకటి లేచి, మళ్ళీ సరిగ్గా ఉండాల్సిన చోటికి రావాలి. కన్ను చూసి చెప్పేంత టైము ఉండదు.

మరి పడిపోకుండా ఎలా ఉంటారు? దీనికి ఫిజిక్స్ పుస్తకం అక్కర్లేదు, నీళ్ళ బిందె చాలు. నిండు బిందె కుడి చంకన పెట్టుకుంటే మన ఒళ్ళు దానంతట అదే ఎడమకు ఒరుగుతుంది. బరువు మన పాదాల మీదకు వచ్చేదాకా ఒరుగుతుంది. ఇప్పుడు ఆ బిందె సెకనుకోసారి మన నడుం చుట్టూ తిరిగిందనుకోండి. మనం కూడా సెకనుకోసారి ఎదురు దిక్కుకు ఒరుగుతూ తిరగాలి. పామెల్ హార్స్ మీద బిందె కాళ్ళయితే, ఒరిగేవి భుజాలు, పాదాల స్థానంలో ఉండేది ఒక్క అరచెయ్యి. కాళ్ళు ముందుకు పోతే భుజాలు వెనక్కి, కాళ్ళు కుడికి పోతే భుజాలు ఎడమకు. టీవీలో చూసేవాళ్ళందరి కళ్ళూ కాళ్ళ మీదే ఉంటాయి. కాళ్ళు గీసే పెద్ద సున్నాకు ఎదురుగా భుజాలు గీసే చిన్న సున్నాను చూస్తే ఆట అర్థమవుతుంది. మంచి ఆటగాడికి ఆ చిన్న సున్నా ఒకే కొలతలో ఉంటుంది. అది కొంచెం వంకర పోయిందంటే తర్వాత రెండు మూడు చుట్లలో ఏదో జరగబోతోందని ముందే తెలిసిపోతుంది.

చిన్నపిల్లలకు దీన్ని నేరుగా గుర్రం మీద నేర్పరు. పుట్టగొడుగు ఆకారంలో పొట్టి దిమ్మ ఒకటి ఉంటుంది, పేరు కూడా మష్రూమే. దాని చుట్టూ తిప్పి తిప్పి అలవాటు చేస్తారు. కొన్నిచోట్ల పైనుంచి తాడుకు బకెట్ వేలాడగట్టి, పాదాలు అందులో పెట్టించి, చేతులతో నడవడం నేర్పుతారు. ఈ బకెట్ సంగతి చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచిస్తే సరైన పద్ధతే అనిపించింది. కాళ్ళ బరువు బకెట్ మోస్తుంది, పిల్లవాడు చేతుల లెక్క ఒక్కటే చూసుకుంటాడు.

పోటీలో సర్కిల్ ఒక్కటే చాలదు. కాళ్ళు విడదీసి కత్తెరలాగా మార్చే సిజర్స్ చెయ్యాలి, గుర్రం ఒక చివర నుంచి ఇంకో చివరకు తిరుగుతూనే ప్రయాణం చెయ్యాలి, మూడు భాగాలనూ వాడాలి, చివర చేతుల మీద తలకిందులుగా లేచి దిగాలి. హంగేరీ ఆటగాడు జోల్తాన్ మాజార్ 1976, 1980 ఒలింపిక్స్ రెండింట్లోనూ ఇందులో స్వర్ణం గెలిచాడు. గుర్రం పొడవునా సాగే ఒక ప్రయాణానికి ఆయన పేరే ఉంది. మొత్తం నిమిషం కూడా పట్టదు. కానీ ఆ నిమిషంలో ఆగడానికి వీల్లేదు. రింగుల మీద ఆగి నిలబడటమే గొప్ప, ఫ్లోర్ మీద మూలకు వచ్చి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇక్కడ ఆగితే తప్పు, కాలు తోలుకు తగిలితే తప్పు, మోకాలు వంగితే తప్పు. అందుకే ఆరు పరికరాలూ చేసేవాళ్ళు కూడా దీన్ని చూస్తే భయపడతారు.

మార్కుల సంగతి లేకుండా ఇది పూర్తి కాదు. 2006 నుంచి పాత పదికి పది పద్ధతి లేదు. ఇప్పుడు రెండు లెక్కలు కలుపుతారు. ఒకటి ఎంత కష్టమైనది చేశారు. సులువైన విన్యాసానికి 0.1, దాని పైదానికి 0.2, అలా పెరుగుతుంది. రెండోది ఎంత శుభ్రంగా చేశారు. అది పది నుంచి మొదలవుతుంది, చిన్న తప్పుకు 0.1, కొంచెం పెద్దదానికి 0.3, ఇంకా పెద్దదానికి 0.5, కింద పడితే పూర్తిగా 1. ఈ ఒక్క మార్కు ఎంత పెద్దదో చూడండి. 2024 పారిస్ ఫైనల్లో స్వర్ణం 15.533, రజతం 15.433, కాంస్యం 15.300, నాలుగో స్థానం 15.200. మొదటివాడికీ నాలుగోవాడికీ మధ్య తేడా 0.333. కాంస్యానికీ ఉత్త చేతులకూ మధ్య 0.1, అంటే ఒక్క మోకాలి వంపు. పారిస్‌లో అట్లా నాలుగో స్థానంలో మిగిలింది బ్రిటన్‌కు చెందిన మాక్స్ విట్లాక్. 2016లోనూ, 2021లో జరిగిన టోక్యోలోనూ ఇదే గుర్రం మీద స్వర్ణాలు గెలిచినవాడు.

సమానమైన మార్కులు వస్తే ఏం చెయ్యాలి? నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. పాతకాలంలో సమానమైతే అందరికీ ఇచ్చేవాళ్ళు. 1948 లండన్‌లో ముగ్గురికి స్వర్ణం, ముగ్గురూ ఫిన్లాండువాళ్ళే. అందులో హైక్కి సావొలైనెన్‌కు అప్పటికి 40 ఏళ్ళు, ఇరవై ఏళ్ళ ముందు 1928లో ఇదే పరికరం మీద కాంస్యం గెలిచాడు. 1988 సియోల్‌లో మళ్ళీ ముగ్గురు, ఈసారి బల్గేరియా, హంగేరీ, సోవియట్ యూనియన్ నుంచి ఒక్కొక్కరు, ముగ్గురికీ 19.950. తర్వాత నియమం మారింది. ఒలింపిక్స్‌లో ఇప్పుడు సమానమైతే శుభ్రంగా చేసినవాళ్ళదే పైచెయ్యి.

ఈ నియమం బరువంతా లూయిస్ స్మిత్ అనే ఒక్క మనిషి మీద పడింది. 2008 బీజింగ్‌లో ఈ బ్రిటన్ కుర్రాడికి 15.725, క్రొయేషియాకు చెందిన ఫిలిప్ ఊదెకూ 15.725. ఊదెకు రజతం, స్మిత్‌కు కాంస్యం. నాలుగేళ్ళ తర్వాత లండన్‌లో, సొంత దేశపు జనం ముందు, స్మిత్‌కు 16.066. హంగేరీకి చెందిన క్రిస్టియాన్ బెర్కికీ 16.066. స్మిత్ చేసింది ఎక్కువ కష్టమైనది, 7.0. బెర్కిది 6.9. శుభ్రతలో బెర్కికి 9.166, స్మిత్‌కు 9.066. స్వర్ణం బెర్కికి వెళ్ళింది. రియోలో స్మిత్‌కు మళ్ళీ రజతమే, అక్కడ మాత్రం సమానం కాదు, విట్లాక్ స్పష్టంగా ముందున్నాడు.

ఇది న్యాయమా? నా గదిలో ఉండే అమ్మాయికీ నాకూ దీని మీద రెండు రోజులు వాదన నడిచింది. ఆమె అనేదేమంటే, ఎక్కువ కష్టమైనది ఎత్తుకున్నవాడికి ధైర్యం ఎక్కువ, ఆ ధైర్యానికి విలువ ఇవ్వాలి. నేననేది, కష్టానికి మార్కు ముందే ఇచ్చేశారు కదా, 7.0లో అది ఉంది. చేయగలిగినదాన్ని ఎత్తుకుని శుభ్రంగా చేసినవాడిది చిన్న విద్యేం కాదు. పరీక్షలో కూడా అంతే, పెద్ద ప్రశ్న ఎత్తుకుని సగంలో వదిలేసినవాళ్ళకంటే చిన్న ప్రశ్నకు పూర్తి జవాబు రాసినవాళ్ళే నాకు నచ్చుతారు. ఆమె ఒప్పుకోలేదు. అసలు ఇద్దరికీ ఇచ్చేస్తే పోయేదేముంది, బంగారం తక్కువైందా, అని చివరికి ఇద్దరం ఆ ఫిన్లాండు కాలానికే ఓటేశాం.

ఈ గుర్రానికి ఇంకో గుణం ఉంది. మిగతా ఐదూ బాగా చేసేవాడు దీని మీద తేలిపోవచ్చు, దీని మీద రాజైనవాడికి మిగతావేవీ రాకపోవచ్చు. అందుకే ఇది ఒక్కటే చేసేవాళ్ళు పుడతారు. అమెరికాకు చెందిన స్టీఫెన్ నెడొరొసిక్ అట్లాంటివాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడు, రూబిక్స్ క్యూబ్ పది సెకన్ల లోపల కలుపుతాడు, 2021లో ప్రపంచ చాంపియన్, పామెల్ హార్స్ మీద ఆ బిరుదు తెచ్చిన మొదటి అమెరికన్. మెల్లకన్ను ఉంది, దాంతోపాటు పుట్టుకతో వచ్చిన ఇంకో కంటి లోపం ఉంది, ఎక్కువ వెలుతురు తట్టుకోలేడు. గుర్రం ఎక్కేముందు కళ్ళద్దాలు తీసేస్తాడు. అంతా చేతుల్లోనే ఉంది, చూసి చేసేదేమీ లేదని ఆయనే చెప్పాడు.

పారిస్‌కు జట్టులో ఐదుగురినే తీసుకుపోవచ్చు. టీమ్ ఫైనల్లో ఆరు పరికరాలు, ఒక్కోదానికి ముగ్గురు, ముగ్గురి మార్కులూ లెక్కకొస్తాయి. మొత్తం 18 సార్లు ఎవరో ఒకరు ఎక్కాలి. నెడొరొసిక్ ఎక్కేది ఒక్కసారి. మిగతా 17 నలుగురు పంచుకోవాలి. ఇట్లాంటివాడికి చోటు ఇవ్వాలా అని అక్కడ చానామంది అడిగారు. మా చిన్నాన్న కూడా నన్ను పండక్కి వచ్చినప్పుడల్లా అదే ధోరణిలో అడుగుతాడు, "కంప్యూటర్ ఏమన్నా నేర్చుకోమ్మా, తెలుగు ఒక్కటే పట్టుకుంటే ఎట్ల?" అని. ఆయన ప్రేమతోనే అంటాడు. అయినా నెడొరొసిక్ వైపు నా మొగ్గు ఎందుకో మీకు అర్థమై ఉంటుంది.

2024 జులై 29న అమెరికా జట్టుకు గుర్రం వంతు చివర్లో వచ్చింది, అందులోనూ ఆయనది ఆఖరు. పోటీ మొత్తం ఆయన పక్కన కూర్చుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్న ఫోటో లోకమంతా తిరిగింది, నిద్రపోతున్నాడని నవ్వారు కూడా. తర్వాత లేచి, అద్దాలు తీసి, గుర్రం ఎక్కి, 14.866 తెచ్చాడు. అమెరికా మగవాళ్ళ జట్టుకు 2008 తర్వాత మొదటి పతకం, కాంస్యం. ఐదు రోజుల తర్వాత విడిగా జరిగిన ఫైనల్లో తనకోసం ఇంకో కాంస్యం.

ఆ ఫైనల్లో స్వర్ణం ఐర్లాండుకు చెందిన రీస్ మెక్‌క్లెనఘన్‌ది. టోక్యో ఫైనల్లో ఈయన పడిపోయాడు, ఏడో స్థానం. ఆ పడిపోవడం తర్వాత 2022లో, 2023లో వరసగా ప్రపంచ చాంపియన్ అయ్యాడు, అయినా ఒలింపిక్స్ దగ్గరకు వచ్చేసరికి జనం ఆ టోక్యోనే గుర్తు చేస్తారు కదా. పారిస్‌లో దిగి నిలబడ్డాక ఆయన ముఖం చూడండి, దొరికితే. ఐర్లాండు తరఫున జిమ్నాస్టిక్స్‌లో ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి మనిషి.

ఇంకొకరి కథ రెండు మాటల్లో చెప్పి పోతాను, మనలాంటి రెండు ఊళ్ళ వాళ్ళకు నచ్చుతుంది. లీ డోంగ్‌హువా చైనాలో చెంగ్డులో పుట్టాడు. పదహారేళ్ళప్పుడు ఆటలో జరిగిన ప్రమాదంలో ఒక మూత్రపిండం, ప్లీహం పోయాయి. స్విస్ అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఆమె దేశానికి వెళ్ళాడు. అక్కడి పౌరసత్వం వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఏ దేశానికీ ఆడే వీలు లేదు, సాధన మాత్రం మానలేదు. 1996 అట్లాంటాలో 28 ఏళ్ళ వయసులో స్విట్జర్లాండుకు పామెల్ హార్స్ స్వర్ణం తెచ్చాడు. వందేళ్ళ కింద జుట్టర్ గెలిచింది కూడా ఆ దేశానికే.

ఆడవాళ్ళకు ఈ గుర్రం ఎందుకు లేదు? ఈ కాలేజీలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. మామూలుగా చెప్పే జవాబు భుజబలం అని. నాకు ఆ జవాబు సగమే ఒప్పుకోబుద్ధవుతుంది. అన్‌ఈవెన్ బార్స్ మీద ఆడవాళ్ళు శరీరమంతా చేతులతోనే మోస్తారు. రింగులు మగవాళ్ళవే అనుకుంటాం, కానీ 1948 లండన్‌లో ఆడవాళ్ళ జట్టు పోటీలో ఊగే రింగులు ఉన్నాయి, తర్వాత తీసేశారు. వాల్ట్ కూడా 2001 దాకా పిడులు లేని గుర్రం మీదే, మగవాళ్ళకు నిలువుగా, ఆడవాళ్ళకు అడ్డంగా పెట్టేవాళ్ళు. అంటే ఏది ఎవరిదన్నది ఎముకలను చూసి ఒక్కసారిగా రాసింది కాదు, కమిటీలు మధ్యమధ్యలో మార్చుకుంటూ వచ్చింది. యాన్ వ్యాయామశాలలో గుర్రం సైనికుడి కోసం, ఆడపిల్లల వ్యాయామం అందం కోసం అన్న పాత లెక్క ఇంకా ఎక్కడో మిగిలి ఉందనే నాకనిపిస్తుంది. ఇంకో సంగతి. 1970లలో కర్ట్ థామస్ అనే అమెరికన్ గుర్రం మీద కాళ్ళు విడదీసి తిప్పే విన్యాసం చేశాడు, దానికి థామస్ ఫ్లేర్ అని పేరు. బ్రేక్‌డాన్స్‌లోనూ నేల మీద ఇదే తిప్పుడు ఉంది, ఫ్లేర్ అనే అంటారు. అక్కడ దాన్ని అమ్మాయిలు చక్కగా తిప్పుతున్నారు, ఎవరూ భుజబలం గురించి అడగడం లేదు.

చూడాలనుకునేవాళ్ళకు ఒక చిన్న సాయం. మొదటిసారి భుజాలను చూడండి, రెండోసారి సౌండు పెట్టుకుని కళ్ళు మూసుకుని వినండి. చేతులు తోలు మీద, పిడుల మీద పడే చప్పుడు ఒకే తాళంలో ఉంటే మార్కులు బాగా వస్తాయి, తాళం తప్పిన చోట మీకే తెలుస్తుంది. 2012 లండన్ ఫైనల్లో బెర్కిదీ, స్మిత్‌దీ వెతికి పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి చూడండి. ఈ కాగితం కింద ఖాళీ షీటు ఒకటి గుచ్చాను, పెన్ను దారంతో కట్టి ఉంది. ఎవరికి స్వర్ణం ఇస్తారో పేరు రాయండి, ఇద్దరికీ ఇస్తామంటే అదీ రాయండి. నా గదిలో అమ్మాయి ఇప్పటికే రాసేసింది.